రోహిణికి ఒరిగి, ఆరుద్రకు లేచే తోట

దసరా రోజుల్లో శ్రీకాకుళం వంతెన మీద ఆగి నాగావళి వైపు చూస్తే, ఇసుక మేటల పొడవునా రెల్లు తెల్లగా పూసి కనిపిస్తుంది. గాలి వీస్తే మొత్తం ఒకేసారి వంగుతుంది, ఒకేసారి లేస్తుంది. పొద్దు వాలేటప్పుడు ఆ కంకుల వెనక నుంచి ఎండ పడితే ఏటి పక్కన వెండి ఆరబోసినట్టు ఉంటుంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పెట్టలేదు. వంతెన దిగి ఊళ్ళోకి వస్తే కనిపించే తోటలు వేరు. గోడ కట్టినట్టు కత్తిరించిన డ్యూరాంటా వరసలు, కుండీల్లో క్రోటన్లు, మధ్యలో నాలుగు గజాల లాన్. ఏప్రిల్, మే నెలల్లో ఆ లాన్‌కి రోజూ నీళ్ళు పట్టాలి. ఏ నెలలో చూసినా అది ఒకేలా ఉండాలన్నదే దాని లెక్క. తోట అంటే ఏమిటని అడిగితే చాలామంది ఈ రెండోదాన్నే చూపిస్తారు. రెల్లును గడ్డి అంటారు.

ఆ గడ్డిని తోటగా చూడడం నేర్చుకున్నవాళ్ళు ప్రపంచంలో కొందరున్నారు. ఐర్లండ్‌లో పుట్టిన విలియం రాబిన్సన్ 1870లోనే, పూలమొక్కల్ని ముగ్గు గీసినట్టు వరసల్లో నాటి సీజన్ అయిపోగానే పీకేసే పద్ధతిని తప్పుపట్టాడు. మన కాలంలో ఈ దారిలో బాగా పేరొచ్చినవాడు నెదర్లాండ్స్‌కి చెందిన పీట్ ఔడోల్ఫ్. 1944లో పుట్టాడు. న్యూయార్క్ నగరంలో 1980 తర్వాత రైళ్ళు ఆగిపోయిన ఒక ఎత్తైన రైలు వంతెన మీద గడ్డి, పిచ్చిమొక్కలు వాటంతట అవే మొలిచాయి. దాన్ని కూల్చేయకుండా హైలైన్ అనే పార్కుగా మార్చి 2009లో జనానికి తెరిచారు. అక్కడి మొక్కల కూర్పు ఔడోల్ఫ్ చేసినదే. పాడుబడిన పట్టాల మధ్య ముందే మొలిచి ఉన్నదాన్ని చూసి, దాని తీరులోనే కొత్త నాటడం జరిగింది.

ఈ పద్ధతిలో మొక్కను ఒంటరిగా చూడరు, గుంపుగా చూస్తారు. అడవిలోనో బీడులోనో ఏ మొక్క పక్కన ఏ మొక్క బతుకుతుందో చూసి ఆ పొరుగునే తోటలోకి తెస్తారు. పువ్వు రంగు కన్నా మొక్క ఆకారానికి, కాడకి, ఆకుకి, ఎండిన తర్వాత మిగిలే రూపానికి ఎక్కువ విలువ ఇస్తారు. నేల ఎక్కడా ఖాళీగా కనపడకుండా దగ్గర దగ్గరగా నాటుతారు, ఎందుకంటే ఖాళీ నేలను కలుపు వదలదు. ఎండిపోవడాన్ని దాచరు. ఔడోల్ఫ్ తోటల్లో చలికాలం వచ్చాక గోధుమరంగు కంకులు, నల్లబడ్డ పూగుత్తులు మంచు పట్టి నిలబడి ఉంటాయి. ఆయన తోటల ఫోటోల్లో జనం ఎక్కువగా మెచ్చుకునేవి అవే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ ఫోటోలు ఫోన్‌లో చూసి, ఆ మొక్కల పేర్లు రాసుకుని, విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించి విజయనగరంలో చల్లితే మిగిలేది నిరాశే. వాటిలో చాలా మొక్కలకు చలి నిద్ర కావాలి. మంచు కురిసే నెలల్లో నేల కింద పడుకుని, వసంతంలో లేవడం వాటి స్వభావం. మనకు చలికాలం నిద్ర కాలం కాదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన పెరళ్ళు ఏడాదిలో అన్నిటికన్నా నిండుగా ఉంటాయి. బంతి, చామంతి, డిసెంబరాలు, ముళ్ళగోరింట, చిక్కుడు పాదు, గుమ్మడి తీగ, అన్నీ అప్పుడే. ఇక్కడ తోట పడుకునేది ఎండలకి. చైత్రం దాటిన దగ్గర్నుంచి గడ్డి మాడుతుంది, చిన్న మొక్కలు ఎండిపోతాయి, రోహిణి కార్తెకి నేల బీటలు వారుతుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. యూరప్ తోటకి జనవరి ఎలాంటిదో మన తోటకి మే నెల అలాంటిది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా డిజైన్ అంతా దాని వెనకే నడుస్తుంది. దీన్ని వదిలేసి ఏ మొక్క తెచ్చి నాటినా అది నీళ్ళ గొట్టం మీద ఆధారపడి బతకాల్సిందే.

అందుకే ఇక్కడి తోటకి ఇంగ్లిష్ నెలల పట్టిక కన్నా కార్తెల లెక్క బాగా అతుకుతుంది. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. ఏడాదికి ఇరవై ఏడు. రైతు విత్తనానికి, నాటుకి, కలుపుకి వాడిన లెక్కే ఇది. మొక్కల్లో వచ్చే మార్పును నెల కన్నా సన్నగా పట్టుకుంటుంది. మే 25 ప్రాంతంలో రోహిణి మొదలవుతుంది. జూన్ 8కి మృగశిర, 22కి ఆరుద్ర. ఈ నలభై రోజుల్లో గరువు భూమి, అంటే మెట్టనేల, పూర్తిగా రంగు మారుతుంది.

ఆ మార్పును దగ్గరగా చూడాలంటే కనకాంబరం చాలు. పూలు కోసుకోగా మిగిలిన వెన్నులు మొక్క మీదే ఎండి, గట్టిపడి, బెరడు రంగుకి వస్తాయి. చూడ్డానికి చచ్చిన పుల్లల్లా ఉంటాయి. శుభ్రం కోసం కత్తిరించేవాళ్ళే ఎక్కువ. ఒక ఎండిన వెన్ను తెంపి, దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేసి అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి టప్‌మని ఒక కాయ పగులుతుంది. గింజలు మూరెడు దూరం ఎగిరిపడతాయి. వెంటనే ఇంకోటి. పల్లెటూరి పిల్లలకి ఇది పాత ఆటే. ఆ కాయ తేదీ చూసి పగలదు, తడి చూసి పగులుతుంది. తొలకరి వాన పడ్డాకే గింజ నేల మీద పడాలి, అంతకుముందు పడితే చీమలు ఎత్తుకుపోతాయి, ఎండకి మాడిపోతుంది. అంటే జనవరి నుంచి జూన్ దాకా ఆ ఎండు పుల్ల వచ్చే ఏటి తోటను కాపాడుతూ నిలబడి ఉంది. దాన్ని చెత్త అనుకుని కత్తిరించినవాళ్ళు మళ్ళీ నర్సరీకి వెళ్ళి మొక్క కొంటారు.

తొలకరికి కనిపించే రెండో గుర్తు ఆరుద్ర పురుగు. మంచి వాన పడిన మర్నాడు పొద్దున, ఇసుక కలిసిన ఎర్రనేల మీద మఖమలు ముక్కలు రాలినట్టు ఎర్రగా పాకుతూ ఉంటాయి. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుని ఆగిపోతాయి. ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే ఉండి ఆ కొద్ది రోజులే పైకి వస్తాయి. పేరే కార్తె పేరు. అవి రావాలంటే ఊపిరాడే నేల ఉండాలి. పేవర్ బ్లాకులు పరిచిన వాకిట్లోంచి అవి రాలేవు. పెరట్లో ఆరుద్ర పురుగు కనిపించిందంటే నేల ఇంకా బతికే ఉందని అర్థం. ల్యాబ్ పరీక్ష కన్నా ముందు చూడాల్సిన పరీక్ష ఇది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఏడాదికి 1100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. తక్కువేమీ కాదు. అయితే దానిలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మిగిలినదాంట్లో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో పడిపోతుంది. డిసెంబరు నుంచి మే దాకా దాదాపు అర్ధ సంవత్సరం నేల ఉన్న తడితోనే గడపాలి. ఇలాంటి చోట బతకడానికి మొక్కలు రెండు దారులు పట్టాయి. తంగేడు, వెంపలి, జిల్లేడు లాంటివి వేరును లోతుకి దింపి పైన పచ్చగానే ఉంటాయి. గునుగు, తుమ్మి లాంటివి వానకి మొలిచి, పూసి, గింజ రాల్చి వెళ్ళిపోతాయి. తోటలో ఈ రెండు రకాలూ కలిసి ఉండాలి. మొదటివి ఎముకలు, రెండోవి కండ. ఔడోల్ఫ్ కూడా ఏడాదంతా ఆకారం నిలిపే మొక్కలు డెబ్బై పాళ్ళు, మధ్యలో నింపేవి ముప్పై పాళ్ళు ఉండాలని లెక్క చెప్పాడు. మన ఎండలకి ఆ డెబ్బైని ఇంకాస్త పెంచుకున్నా తప్పులేదు, ఎందుకంటే మే నెలలో కళ్ళకి కనిపించేవి ఎముకలే.

ఏ మొక్కలు ఎంచుకోవాలో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. వినాయక చవితి పత్రి జాబితా తీస్తే సగం పని అయిపోతుంది. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంతం, వావిలి, జిల్లేడు, జమ్మి, రేగు, మారేడు, రావి, మద్ది. ఇరవై ఒక్క పత్రుల్లో చాలా వరకు గట్ల మీద, గెడ్డల (వాగుల) పక్కన, కొండ కింద వాటంతట అవే మొలిచేవి. భాద్రపదంలో చేతికి అందేవి. ఏడాదికి ఒక రోజు వీటిని వెతికి తెచ్చి పూజ చేస్తాం, మిగతా రోజులు ఇవే మన వాకిట్లో మొలిస్తే పారతో చెక్కేస్తాం. పండగ ముందు రోజు బజారులో కట్టలు కట్టి అమ్మే ఆ ఆకుల్ని చూసి, కనీసం అయిదారు రకాలు పెరట్లోనే ఉండాలని నిర్ణయించుకుంటే అదే ప్రకృతి తీరు తోటకి శంకుస్థాపన. ఉమ్మెత్త విషం కాబట్టి చిన్న పిల్లలున్న ఇంట్లో వద్దు. గన్నేరు, అగ్నిశిఖ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మొక్కల పొరుగు ఎలా ఉండాలో చూడాలంటే పొలం గట్టు కన్నా మంచి బడి లేదు. పైన తాటి, ఈత. ఈత కొమ్మలకి గిజిగాడి గూళ్ళు. కింద తంగేడు పొద, దాని చాటున వెంపలి, ఇంకా కింద తుమ్మి, విష్ణుక్రాంతం, నేలని అంటిపెట్టుకుని గరిక. మూడు నాలుగు అడుగుల వెడల్పులో ఇన్ని అంతస్తులు. ఒకదాని నీడ ఇంకోదానికి పనికొస్తుంది. వెంపలి, పప్పుజాతి మొక్క కాబట్టి, గాల్లోని నత్రజనిని వేళ్ళ దగ్గర నిలవ చేస్తుంది. గట్టు మీద మట్టి కోసుకుపోకుండా గరిక పట్టుకుంటుంది. ఇదంతా ఎవరూ గీసిన ప్లాన్ కాదు. కానీ కాగితం మీద గీసుకుని పెరట్లోకి తెచ్చుకోవచ్చు.

ఇంకా పెద్ద నమూనా కావాలంటే ఉద్దానం ఉంది. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందంటారు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా కోస్తా వెంబడి కొబ్బరి పైన, పనస, మామిడి మధ్యలో, జీడి పక్కన, కింద అరటి, మునగ. వరస తెలియని తోటలు. ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. జీడి మన చెట్టు కాదు, పోర్చుగీసువాళ్ళ వెంట బ్రెజిల్ నుంచి వచ్చింది. బంతి కూడా మెక్సికో మొక్కే. బంతి లేని సంక్రాంతిని, జీడి లేని పలాసను ఎవరు ఊహించగలరు? అందుకే స్థానికం, పరాయి అన్న గీత కన్నా ఆ మొక్క ఇక్కడ ఎలా నడుచుకుంటుందన్నదే ముఖ్యం. చుట్టూ ఉన్నవాటిని బతకనిస్తోందా? పక్షికి, పురుగుకి తిండి పెడుతోందా? వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఈ పరీక్షలో నిలబడవు. తలంబ్రపు మొక్క పూల మీద సీతాకోకచిలుకలు వాలతాయి నిజమే, అయినా అది అల్లుకున్న చోట ఇంకోటి మొలవదు కాబట్టి దాన్నీ దూరంగానే ఉంచాలి.

సీతాకోకచిలుకల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. పువ్వు ఉంటే చాలదు, గుడ్డు పెట్టే ఆకు కావాలి. కరివేపాకు, నిమ్మ మీద ఒక రకం, జిల్లేడు మీద ఇంకో రకం, రేల, తంగేడు ఆకుల మీద లేతపసుపు రెక్కల రకం. అంటే తోటలో కొన్ని ఆకులు తినబడాలి. చిల్లులు పడ్డ కరివేపాకు రెమ్మను చూడగానే మందు కొట్టేవాళ్ళ పెరట్లోకి సీతాకోకచిలుక వచ్చి ఊరికే తిరిగి వెళ్ళిపోతుంది.

ఏడాది చక్రంలో అన్నిటికన్నా అందమైన రోజులే ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులు. ఈ సంగతి ఏ యూరప్ తోట పుస్తకమూ చెప్పదు. రెల్లు, గునుగు, తంగేడు, పారిజాతం, అన్నీ ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో పూస్తాయి. తుపానులు వచ్చేదీ అప్పుడే. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11, అది వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటి ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26, కళింగపట్నం దగ్గర. తారీఖులు చూస్తే మూడు వారాల కిటికీలోనే అన్నీ. తిత్లీకి ఒరిగిన కొబ్బరి చెట్లు లక్షల్లో. కొబ్బరి మళ్ళీ కాపుకి రావడానికి అయిదారేళ్ళు పడుతుంది. ఒక తరం సంపాదన ఒక్క రాత్రిలో పడిపోవడాన్ని ఆ ఊళ్ళు కళ్ళారా చూశాయి.

కాబట్టి ఇక్కడ తోట గీసేటప్పుడు గాలి కూడా పక్కన కూర్చుని సలహా చెప్తుందనుకోవాలి. గడ్డిజాతికి గాలంటే భయం లేదు. రెల్లు పడుకుంటుంది, లేస్తుంది. పొదలు కొమ్మలు పోగొట్టుకున్నా మొదలు నుంచి చిగురిస్తాయి. ప్రమాదం త్వరగా ఏపుగా పెరిగి, గొడుగులా తల విప్పి, లోతుకి వేరు పోని చెట్టుతోనే. నర్సరీ సంచిలో రెండేళ్ళు ఉండిపోయిన మొక్క వేరు లోపలే గుండ్రంగా చుట్టుకుపోతుంది. నేలలో నాటాక కూడా ఆ చుట్టు విప్పుకోదు. పైకి చెట్టు ఇరవై అడుగులు పెరుగుతుంది, కింద పట్టు మాత్రం సంచి అంతే. పెద్ద గాలికి అది వేళ్ళతో సహా లేచి కాంపౌండ్ గోడ మీదో, కరెంటు తీగ మీదో పడుతుంది. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే పెద్ద మొక్కల్ని చూసి ముచ్చటపడి కొనేముందు సంచి అడుగు చూడాలి. వేరు బయటికి పొడుచుకొచ్చి మెలితిరిగి ఉంటే వదిలేయడం మంచిది. చింత, వేప, నేరేడు లాంటివి గింజ వేసి నాటిన చోటే పెంచితే తల్లివేరు నేరుగా దిగుతుంది. ఆలస్యం అవుతుంది, కానీ నిలబడుతుంది. విజయనగరం పైడితల్లమ్మ జాతరకి సిరిమానుగా ఎంచేది చింతమానునే. అంత ఎత్తున పూజారిని మోస్తూ కోట దాకా ఊరేగగల మాను అది. దాని బలం మీద ఈ ప్రాంతపు నమ్మకం ఈనాటిది కాదు.

సముద్రం పక్క ఊళ్ళకి లెక్క మారుతుంది. బారువ, భావనపాడు వైపు ఇసుక నేలలో ముందు వరస నేలబారు తీగలది. గొర్రె డెక్క ఆకారంలో ఆకులుండి ఊదారంగు పూలు పూసే ఇసుక తీగ, ఆ తర్వాత మొగలి పొదలు, ఆపైన పొన్న, జీడి. గాలి మెట్లెక్కినట్టు పైకి జారిపోతుంది. ఉప్పుగాలి దెబ్బ ముందువరస తింటుంది, వెనకవాటికి తగ్గుతుంది. ఇళ్ళ ముందు ఈ మెట్లు తీసేసి నేరుగా లాన్ పరిచినచోట ఉప్పు మొదట ఆ లాన్‌నే మాడుస్తుంది. చిత్తడి నేలలది మళ్ళీ ఇంకో కథ. సోంపేట బీల లాంటి చోట్ల తుంగ, కలువ, తామర వాన నీటిని ఎలా పట్టి ఉంచుతాయో చూస్తే, పెరట్లో వాన నీళ్ళు నిలిచే పల్లం కనిపించగానే గ్రావెల్ తోలి పూడ్చాలన్న ఆలోచన పోతుంది. ఆ పల్లంలోనే తుంగ, కలువ పెట్టి, చెరువులోంచి నాలుగు చిన్న చేపలు వదిలితే దోమపిల్లల్ని అవి చూసుకుంటాయి.

గ్రావెల్ సంగతికి వస్తే, కొత్త లేఅవుట్లలో ప్లాటు ఎత్తు చేయడానికి తోలిన ఎర్రమట్టిలో ఏమీ పెరగదని జనం బాధపడతారు. పైన చెరువుమట్టి, పశువుల ఎరువు దండిగా వేస్తారు. లాన్‌కి, గులాబీకి అది సరే. గరువు మొక్కలకి అంత తిండి పెడితే ఏపుగా పెరిగి నడుం విరిగినట్టు వాలిపోతాయి, పైగా ఆ ఎరువుతో వచ్చే కలుపు గింజలు మూడేళ్ళు వదలవు. తంగేడు, వెంపలి, విష్ణుక్రాంతం, కొండచీపురు బలం తక్కువున్న నేలలోనే పొంకంగా ఉంటాయి.

కొండచీపురు పేరు చాలామంది చీపురుగానే విన్నారు, మొక్కగా చూడలేదు. సీతంపేట కొండల్లో సవరలు చలికాలం చివర కోసి సంతకి తెచ్చేది దీన్నే. ఆకు వెడల్పు, వెదురు ఆకులా. మనిషెత్తు కంకి, పట్టుకుచ్చులా మెత్తగా ఒక పక్కకి వాలి ఉంటుంది. యూరప్ తోటల్లో డబ్బు పోసి కొనే అలంకార గడ్డికి ఏమీ తీసిపోదు. ఇంటి తూర్పు పక్క, పొద్దుటి ఎండ వెనక నుంచి పడేలా మూడు దుబ్బులు పెడితే పుష్యమాసపు మంచులో దాన్ని చూడడానికే పొద్దున్నే లేవాలనిపిస్తుంది. తర్వాత ఇంటికి చీపుళ్ళు కూడా అవుతాయి.

200 గజాల స్థలంలో ఇల్లు పోగా ఒక యాభై గజాలు మిగిలిందనుకుందాం. గజానికి నాలుగు మొక్కల చొప్పున రెండు వందల మొక్కలు పడతాయి. అన్నీ కొనక్కర్లేదు. ఒక పొగడో, పారిజాతమో, అదొక్కటే చెట్టు. తంగేడు, ముళ్ళగోరింట, నందివర్ధనం లాంటి పొదలు పదిహేను. గడ్డి దుబ్బులు ఇరవై, వట్టివేరు వాటిలో ఉండాలి, వేరు మనిషెత్తు కన్నా లోతుకి పోతుంది. మిగతా అంతా గింజలే. గట్ల మీద మాఘంలో ఏరుకొచ్చిన గునుగు, తుమ్మి, కనకాంబరం. గింజ తెచ్చుకోవాలి తప్ప గట్టు మీది మొక్కను పెకలించి తేకూడదు. ఒక రకాన్ని ఒకే చోట కుప్పగా కాకుండా, నదిలో రాళ్ళు పడ్డట్టు అక్కడో మూడు ఇక్కడో అయిదు వెదజల్లితేనే కలిసిపోయినట్టు ఉంటుంది. మృగశిరకి నాటితే నాలుగు నెలల వాన ఊరికే దొరుకుతుంది. మొదటి వేసవిలో మాత్రం పొదలకి వారానికోసారి నిండుగా నీళ్ళు పెట్టాలి. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే వేరు పైపైనే తిరుగుతుంది, తడి కోసం లోతుకి పోదు. రెండో వేసవికి గొట్టం చుట్టి పక్కన పెట్టేయొచ్చు.

దీనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న పాములది. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. పల్లెల్లో వాకిలి చెక్కి పేడతో అలికి ఉంచడం వెనక ఈ జాగ్రత్త కూడా ఉంది. ఆ తెలివిని తోటలోకి తీసుకురావాలి. ఇంటి గోడ నుంచి అయిదారు అడుగులు మోకాలు దాటని మొక్కలే ఉండాలి. నడిచే దారి నాలుగు అడుగుల వెడల్పుతో, నేల స్పష్టంగా కనిపించేలా ఉండాలి. ఎత్తు గడ్డి దుబ్బులు పెరటి చివరికి. ఇటుకలు, కొబ్బరి మట్టలు కుప్పగా వేయకూడదు, ఎలుక చేరితే పాము దాని వెంటే వస్తుంది. దారి అంచు ఒక్కటి చక్కగా కత్తిరించి ఉంటే లోపల ఎంత అల్లిబిల్లిగా ఉన్నా చూసేవాళ్ళకి అది వదిలేసిన స్థలంలా అనిపించదు. పక్కింటివాళ్ళ మాటలకి ఇదే సగం జవాబు. మిగతా సగం తేలినీలాపురం లాంటి ఊళ్ళు ఎప్పుడో చెప్పాయి. టెక్కలి దగ్గర ఆ ఊరి చెట్ల మీద ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. కింద వాకిట్లో రెట్ట పడుతుంది, అరుపులకి నిద్ర పట్టదు. అయినా ఆ ఊరివాళ్ళు చెట్లు కొట్టలేదు.

ఇక కత్తెర సంగతి. ఈ తోటలో ఏడాదికి ఒక్క పెద్ద కోత చాలు, అది ఎప్పుడన్నదే ప్రశ్న. సంక్రాంతి ముందు ఇల్లు దులిపినట్టు పెరడూ దులిపి, ఎండింది కోసి భోగి మంటలో వేయడం అలవాటు. ఆ నెలలోనే జీనువాయి పిట్టలు గునుగు కంకుల మీద వేలాడుతూ గింజలు ఒలుచుకుంటాయి, కనకాంబరం వెన్నులు అప్పుడే గట్టిపడుతుంటాయి. కాబట్టి భోగికి విరిగిన కొమ్మలు, ఎండు మట్టలు చాలు. ఇంటికి దగ్గరగా ఉన్న ఎండుగడ్డిని మాత్రం శివరాత్రి దాటాక కోసేయాలి, వేసవిలో నిప్పురవ్వ పడితే ప్రమాదం. మిగతాదంతా నిలబడనివ్వాలి. ఫాల్గుణంలో మోదుగ ఆకు లేకుండా ఎర్రగా పూసేటప్పుడు, వైశాఖంలో రేల పసుపు గుత్తులు వేలాడేటప్పుడు కింద ఈ ఎండు రంగే ఉంటే ఆ పూలకి నిండుదనం వస్తుంది. పచ్చటి లాన్ మీద అంత ఎత్తి చూపదు.

పెద్ద కోత రోహిణి చివర్లో. జూన్ మొదటి వారంలో మబ్బు పట్టడం మొదలవగానే, ఒక సాయంత్రం ఎండినవన్నీ జానెడు ఎత్తు ఉంచి కోసి, పక్కకి మోయకుండా అక్కడికక్కడే చేతితో విరిచి మొదళ్ళ మధ్య పరవాలి. కంకుల్లో మిగిలిన గింజ ఆ చెత్త కిందే ఉంటుంది. మృగశిర మొదటి జల్లుకి కనకాంబరం కాయలు ఆ మాటున టప్ టప్‌మని పగులుతాయి. పది రోజుల్లో ఆ ఎండు పుల్లల సందుల్లోంచి రెండాకుల మొలకలు పైకి వస్తాయి. అప్పుడు వాటిని లెక్కపెట్టి, ఎక్కువైన చోట పలచన చేసి, పలచగా ఉన్నచోట రెండు నాటితే ఆ ఏటికి తోటపని అయిపోయినట్టే.